సుంకన్న మీద పది అణాలు

ఎర్రదిన్నె తలారి తిమ్మప్పను వాన వస్తుందా అని అడిగితే వస్తుందనీ అనడు, రాదనీ అనడు. మెడెత్తి మబ్బు చూసి, మోకాలు ఒకసారి నొక్కుకుని, "ఏడణాలప్పా" అంటాడు. బెళుగుప్ప బస్సు ఇవాళైనా వేళకు వస్తుందా అంటే "మూడణాలు". అంగట్లోకి కొత్తగా వచ్చిన నూనె కల్తీదా అంటే "పదమూడు". ఊళ్లో ఇదేం భాష అని అడిగేవాడు లేడు. రూపాయికి పదహారణాలు గనక, పదహారంటే తిరుగులేని మాట, ఎనిమిదంటే అటో ఇటో, ఒకటంటే ఆశ వదులుకోమని. పొరుగూరి వాళ్లు మాత్రం బస్సు సంగతి అడిగి, మూడణాలంటే టిక్కెట్టు ధర కాబోలనుకుని, లెక్కగా చేతిలో పట్టుకుని ఎండలో నిలబడేవాళ్లు.

ఈ జబ్బు ఆయనకు సర్కారు అంటించింది. ఏటా పంట చేతికొచ్చే రోజుల్లో రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చి, గట్టు మీద నిలబడి, ఏ చేను ఎన్ని అణాల పంటో రాసుకుపోయేవాడు. నిండు పంట పదహారణాలు. ఎంత తక్కువ రాస్తే శిస్తు అంత తగ్గుతుందని రైతుల ఆశ. ఆ ఇనస్పెక్టరు వెనక గొడుగు పట్టుకుని ఇరవై ఏళ్లు తిరిగాడు తిమ్మప్ప. ఆ ఇరవై ఏళ్లలో పది దాటిన చేలు రెండో మూడో చూశాడు. పదహారు మాత్రం చూడలేదు. ఆ ఎర్రనేలలో పదహారణాల పంట చూశానన్నవాడు అబద్ధమైనా ఆడుతుండాలి, నిద్రలోనైనా ఉండాలి. అందుకే తిమ్మప్ప నోట పదహారు అనే అంకె పలికేది కాదు. రేపు పొద్దు తూర్పునే పొడుస్తుందా అని ఎవరో ఆట పట్టిస్తే, చాలాసేపు ఆలోచించి, "పదహైదున్నర" అన్నాడు.

పెళ్లయిన కొత్తలో భార్య బయమ్మ సిగ్గుపడుతూ, "నేను నీకు నచ్చినానా" అని అడిగింది. ఏ మగవాడైనా ఏం చెబుతాడు? ఈ మహానుభావుడు ఆమెను చేను చూసినట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "పద్నాలుగణాలు" అన్నాడు. పాపం, భూమ్మీద దేనికీ ఆయన అంతవరకూ అన్ని అణాలు ఇవ్వలేదు. ఆమెకు మాత్రం ఆ లేని రెండణాలే వినిపించాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, సంగటి మాడినా, బిడ్డ ఏడ్చినా, మేక తాడు తెంపుకున్నా, "ఆ రెండణాలు ఎక్కువున్న మనిషిని అడుగుపో, నన్నెందుకు అడుగుతావు" అనేది. తిమ్మప్ప కూడా మొండివాడే. ఒక్క అణా అయినా పెంచి ఇల్లు నిమ్మళం చేసుకుందామని చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంతే.

ఊళ్లో ఆయనకు సరిజోడు బడిపంతులు ఆంజనేయులు. ఆయన దగ్గర అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటుండేది. వాన పడిన రోజులన్నీ అందులో ఉండేవి. వాళ్లిద్దరూ బడి అరుగు మీద కూర్చుంటే చాలు, పిల్లలకు సెలవు దొరికినట్టే.

"పదహైదేండ్లుగా రాసిపెట్టినా తిమ్మప్పా. ఆరుద్ర కార్తెలో విత్తనం వేసేంత వాన పడింది ఆరు తూర్లు. పదహైదిట్లో ఆరు. అదీ లెక్కంటే. నీది లెక్కనా? మోకాలి నొప్పి."

"మీ బుక్కులోని మబ్బులన్నీ కురిసి పోయినాయి కదా అయ్యవారూ. ఈ మబ్బు కొత్తది. దీని సంగతి దానికేం తెలుసు?"

"సరేప్పా. ఇదే మబ్బుకు నువ్వు పన్నెండణాలంటాండావు, పెద్దరైతు వెంకటరాముడు నాలుగంటాండాడు. మబ్బు ఒకటే కదా. ఇద్దర్లో ఎవరిది నిజం?"

"మబ్బు ఒకటే. తలకాయలు రెండు."

"ఆఁ, అదీ సంగతి. నీ అణాలు మబ్బులో లేవు, నీ తలకాయలో ఉండాయి."

"యాడుంటే ఏమి? పందెం కాస్తా. నమ్మకం ఎంతుండాదో నాలుక చెప్పదు అయ్యవారూ, జేబు చెప్తుంది."

ఆ మబ్బు కురవలేదు. వజ్రకరూరు మీదుగా వెళ్లిపోయి అక్కడా కురవలేదు. తప్పు ఒప్పుకోమన్నాడు పంతులు. "యాల ఒప్పుకోవల్ల? నాలుగణాలు రాదని పెట్టుకుంటి కదా, అది జరిగె" అన్నాడు తిమ్మప్ప. "అట్లయితే నువ్వు ఈ జన్మలో తప్పవప్పా" అని పంతులు నోటుబుక్కు మూసేశాడు. అన్నం తినడానికి పిలవొచ్చిన బయమ్మ, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు. దానికి ఇద్దరు మగోళ్లు గొంతులు చించుకోవల్లనా" అని కొంగు విదిలించి పోయింది. ఆ ఏడు చేలన్నీ మూడణాలకు దిగాయి.

అంతలో యాభై ఏడు వచ్చింది. సర్కారువారు అణాలు ఎత్తేసి నయాపైసలు తెచ్చారు. రూపాయికి నూరు. పోస్టాఫీసు గోడకు పట్టిక అంటించారు: అణాకు ఆరు పైసలు, నాలుగణాలకు ఇరవై అయిదు, పది అణాలకు అరవై రెండు. ఊరందరికీ చిల్లర మారిందంతే. తిమ్మప్పకు మాత్రం తలకాయలోని సామానంతా మార్చాల్సి వచ్చింది.

పంతులు ఊరుకున్నాడా? తిమ్మప్ప మందలో పదహారు గొర్రెలు కడుపుతో ఉన్న రోజులవి. ఒక్కొక్క గొర్రెనూ చూపించి, "ఇది అన్నిటికన్నా ముందు ఈనుతుందని నమ్మకమెంత" అని అడిగాడు. తేడా ఏమీ కనపడక, "అణా" అంటూ పోయాడు తిమ్మప్ప, పదహారుసార్లు. "అయితే ఒక్కోదానికి అణా చొప్పున నేను పందెం కాస్తాండా. ముందు ఈనిన దానికి నాకు రూపాయి ఇయ్యి" అని పంతులు పట్టిక ప్రకారం అణాకు ఆరు పైసలు లెక్కగట్టి, తొంభై ఆరు పైసలు చేతిలో పెట్టాడు. మూడోనాడు కుంటి గొర్రె ఈనింది. తిమ్మప్ప రూపాయి ఇచ్చుకున్నాడు. ఏ గొర్రె ఈనినా అంతే, నాలుగు పైసలు పోవలసిందేనని తెలిసొచ్చాక నెల రోజులు మనిషి మనిషిలో లేడు. నమ్మకాలన్నీ సక్రమంగానే ఉన్నాయే, కూడితే పూర్తిగా పదహారే ఉన్నాయే, ఈ నాలుగు పైసలు ఎక్కడ కారిపోయాయని కనపడినవాడినల్లా అడిగేవాడు. పోస్టుమ్యానును అడిగితే, పైకి రాయాలన్నాడు.

ఇదంతా నవ్వులాట. నవ్వులాట కాని సంగతి మరుసటేడు వేరుశనగ పీకే రోజుల్లో వచ్చింది.

పెద్దరైతు వెంకటరాముడి పొట్టేలు పోయింది. మామూలు పొట్టేలు కాదు, పందేల్లో కొమ్ములు విరగ్గొట్టి పేరు తెచ్చుకున్న పొట్టేలు. అది పోయిన సాయంత్రం, పొద్దు గుంకుతున్న వేళ, చేని గట్టు మీద ఒక మనిషి కంబళి కప్పుకుని, పొట్టేలును భుజాన వేసుకుని పోవడం తిమ్మప్ప చూశాడు. వీపు మాత్రమే చూశాడు, పొట్టేలు పోయిందని అప్పటికి తెలియదు. హెడ్ కానిస్టేబులు వచ్చి ఎవరని అడిగాడు. ముఖం కనపడలేదని చెప్పి ఊరుకుంటే పోయేదానికి, మన తలారి అలవాటు కొద్దీ ఆలోచించి, "సుంకన్న అనేదానికి పది అణాలు" అన్నాడు. నోటి దురద అంటే అదే. హెడ్ కానిస్టేబులు కాగితంలో "పది అణాలు సుంకన్న" అని రాసుకుపోయాడు.

సుంకన్న ఊరి బయటి వాడలో ఉండే కూలి మనిషి. తిమ్మప్ప ఇంట్లోనే పదిహేనేళ్లుగా కట్టెలు కొట్టాడు, కళ్లం ఊడ్చాడు. పోలీసులు అతన్ని ఎత్తుకుపోయి తొమ్మిది రోజులు ఠాణాలో ఉంచారు. జామీను మీద వచ్చేసరికి ఒక కాలు ఈడుస్తున్నాడు. కేసు తాలూకా మేజిస్ట్రేటు కోర్టుకు పోయింది. సాక్షి ఒక్కడే, తిమ్మప్ప. ఔనంటే సుంకన్నకు ఆరు నెలలు. ఆరు నెలలంటే వేరుశనగ కూలి పోయినట్టే, ఇద్దరు చంటిబిడ్డలతో అతని భార్య నల్లమ్మ రోడ్డున పడ్డట్టే.

వాయిదాకు రెండు రోజుల ముందు నల్లమ్మ వచ్చి గడప బయట కూర్చుంది. "కాదని చెప్పన్నా. నీ కాళ్లు మొక్కుతా."

"కాదంటే ఆ పది అణాలు యాడ పెట్టల్లమ్మా?" అన్నాడు తిమ్మప్ప. వెక్కిరింపు కాదు. నిజంగానే ఎక్కడ పెట్టాలో తెలియక అడిగాడు. నల్లమ్మకు ఏం అర్థమవుతుంది? బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయింది.

ఆమె అటు పోగానే వెంకటరాముడు ఇటు వచ్చాడు. "పది చెప్పేటోనివి, ఇంకో ఆరు కలిపి చెప్పలేవా? నా కోసం ఆరణాలు లేవా నీ దగ్గర?"

అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు తిమ్మప్ప. లేచి పంతులు దగ్గరికి పోయాడు. వేళాకోళానికి కాదు, మొదటిసారి సలహా కోసం.

పంతులు నోటుబుక్కు తెరిచి, మళ్లీ మూశాడు. "నా బుక్కులో దొంగతనాలు లేవు తిమ్మప్పా" అన్నాడు.

"ఉన్నా ఏం లాభం? పొట్టేలు పోయింది ఒక్కసారి. నూరుసార్లు పోయింటే లెక్కబెట్టొచ్చు."

"అది సరే. నేను చెప్పేది ఇంతే. గట్టు మీద పోయినోడు సుంకన్నయినా కావల్ల, కాకపోనైనా పోవల్ల. పది అణాల సుంకన్న అని మనిషి లేడు. ఆ పదీ నీవి. రేపు నువ్వు వాటిని తీసి వాని వీపు మీద పెడతాండావు. అది తెలుసుకుని పెట్టు."

ఆ రెండు రోజులూ తిమ్మప్పకు ముద్ద దిగలేదు. బయమ్మ కూడా రెండణాల మాట ఎత్తలేదు, భయమేసింది ఆమెకు.

కోర్టులో మొదటి తగాదా ప్రమాణం దగ్గరే వచ్చింది. పూర్తి నిజం చెబుతానని అనమన్నాడు బంట్రోతు.

"పూర్తి అంటే పదహారణాలా? అది నా చేత కాదు. ఉన్నంత చెప్తా."

మేజిస్ట్రేటు కోస్తా వైపు సర్కారు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాడు. ఈ ఎండకూ ఈ మాటకూ ఇంకా అలవాటు పడలేదు. "అనవయ్యా బాబూ, ఆ మాట అంటే నీ సొమ్మేం పోయింది" అన్నాడు.

"అబద్ధం ప్రమాణం చేసినట్టవుతుంది దొరా, నిజం చెప్తానని."

ఉన్నంత చెప్పమనే రాసుకున్నారు. పోలీసు తరఫున ఇనస్పెక్టరు లేచి, బోనులో ఉన్న సుంకన్నను చూపించి, ఆ రోజు నువ్వు చూసినది ఇతన్నేనా అని అడిగాడు.

"పది అణాలు దొరా."

"లంచం గురించి కాదయ్యా అడుగుతున్నది" అన్నాడు మేజిస్ట్రేటు. ఇనస్పెక్టరు ఆయన బల్ల దగ్గరికి పోయి ఈ ఊరి లెక్క ఇదని విడమరిచి చెప్పాడు. మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అణాలు రద్దయ్యి ఏడాది దాటింది. కోర్టు రికార్డులో రద్దయిన నాణెం రాయడానికి వీల్లేదు. పైసల్లో చెప్పు."

తిమ్మప్ప పోస్టాఫీసు గోడను తలచుకున్నాడు. "అరవై రెండు నయాపైసలు దొరా."

సుంకన్న తరఫు వకీలు వజ్రకరూరు నుంచి వచ్చాడు. కోటు కొత్తది, కేసు మొదటిది, ఫీజు లేదు. ఎగిరి లేచాడు. "చిత్తం. పది అణాలంటే అరవై రెండున్నర. పోలీసుల ముందు అరవై రెండున్నర అన్నాడు, ఇవాళ అరవై రెండంటున్నాడు. సాక్షి మాట మార్చాడు."

"అరపైసాయే కదయ్యా."

"అరపైసా ఇవాళ పోయింది. రేపు ఎంత పోతుందో."

మేజిస్ట్రేటుకు తల ప్రాణం తోకకొచ్చింది. "శిక్ష వెయ్యడానికి అసలు ఎన్ని పైసలుండాలి" అని తనలో తాను అనుకోబోయి పైకే అనేశాడు. డెబ్బై అయిదు చాలునన్నాడు ఇనస్పెక్టరు. తొంభై తొమ్మిదైనా చాలదన్నాడు వకీలు. బేరం కుదరక, మేజిస్ట్రేటు సాక్షినే అడగమన్నాడు.

వకీలు సాక్షి బోను దగ్గరికి వచ్చాడు. "ఏం చూసి పెట్టావయ్యా అన్ని అణాలు? విడివిడిగా చెప్పు."

తిమ్మప్పకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకు అడగవలసిన ప్రశ్న ఒకడు అడిగాడు. "కంబళి దొరా. అట్లాంటి నల్ల కంబళి సుంకనికి ఉండాది. దానికి రెండణాలు. కొంచెం వంగి నడుస్తాండె, సుంకడూ అంతే. దానికి రెండు. గట్టు దిగి వాడ తట్టు మళ్లుకునె. దానికి రెండు."

"ఆరయింది. తక్కిన నాలుగు?"

తిమ్మప్ప నోరు తెరిచాడు. కంబళి అయిపోయింది. నడక అయిపోయింది. వాడ అయిపోయింది. వేళ్లు మళ్లీ మొదటినుంచి మడిచాడు. ఇంకేమీ కనపడలేదు. కిందటేడు నాలుగు పైసలు ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఇప్పుడు నాలుగణాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియడం లేదు. కాసేపటికి తెలిసింది. చెప్పకుండా ఉండవచ్చు. ఎవరూ పొడిచి అడగరు. కానీ ఈ మనిషి భార్యకే రెండణాలు తగ్గించి చెప్పినవాడు.

"అవి ముందే ఉండె దొరా."

"ముందే అంటే?"

"చూసింది గుర్తుకు రాకముందే. పొట్టేలు పోయిందన్న మాట వినపడంగానే నాలుగణాలు వాడ మీద పెట్టేసింటి. చూసింది ఆరే."

కోర్టులో ఎవరో నవ్వారు. వకీలు మాత్రం నవ్వలేదు. "అదే మనిషి, అదే కంబళి, గట్టు దిగి రైతుల ఇళ్లున్న పెద్దవీధి వైపు మళ్లివుంటే ఎన్ని అణాలు పెట్టేవాడివి?"

"అప్పుడు అణాలు యాల పెడతా దొరా. వెంకటరాముడు తన పొట్టేల్ని తాను మోసుకుపోతాండాడనుకుంటాంటి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు, ఈ సాక్షి ఎవరినో చూశాడని రుజువైంది గానీ ఎవరిని చూశాడో రుజువు కాలేదని రాసి, కేసు కొట్టేశాడు. అరపైసా సంగతి తీర్పులో లేదు. అది లేనందుకు వకీలు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

తిరుగు బస్సులో నల్లమ్మ బిడ్డలతో ముందు సీట్లో కూర్చుంది. సుంకన్న వెనక, ఈడ్చే కాలు బయటికి చాచుకుని కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. తిమ్మప్ప చాలాసేపు కమ్మీ పట్టుకుని నిలబడి, చివరికి పోయి అందులో కూర్చున్నాడు. క్షమించమని అడగాలని ఉంది ఆయనకు. ఆ మాట ఎట్లా అంటారో తెలియక, తెలిసిన భాషలో అన్నాడు.

"సుంకా, ఆ నాలుగణాలు తీసేసినానప్పా. ఇప్పుడు నీ మీద ఆరే ఉండేది."

సుంకన్న కిటికీలోంచి తల తిప్పాడు. "ఆరు ఇంకా ఉండాయా?"

"ఉండాయి. అబద్ధమెట్ల చెప్పేది."

"చెప్పొద్దులే." సుంకన్న కాలు సర్దుకున్నాడు. గొంతు పెంచలేదు. "ఠాణాలో ఒప్పుకో అనిరి. కోర్టులో ఒప్పుకుంటావా అనిరి. నువ్వు నీ తలకాయనడిగితివి. అయ్యవారిని అడిగితివి. సుంకా, నువ్వు తీసినావా అని నన్ను ఒక్కరన్నా అడిగినారా అన్నా? మీ ఇంట్లో పదహైదేండ్లు కట్టెలు కొట్టినా. వాకిట్లోకొచ్చి అడిగింటే, పదహారణాలూ చెప్తాంటి."

నిజమే. ఆ మాట తిమ్మప్పకు తట్టనే లేదు. ఆకాశాన్ని అడిగాడు, మోకాలిని అడిగాడు, గోడ మీద పట్టికను అడిగాడు. ఇరవై అడుగుల దూరంలో కట్టెలు కొట్టే మనిషిని అడగొచ్చని తట్టలేదు. ఇంత సిగ్గు ఆయన జన్మలో ఎరుగడు.

"ఇప్పుడడుగుతాండా" అన్నాడు. "నువ్వేనా?"

సుంకన్న ఆయన ముఖంలోకి చూశాడు. కోపంగా కూడా చూడలేదు.

"ఇప్పుడు చెప్పను. ఆ ఆరణాలు నువ్వే పెట్టుకో."

ఎర్రదిన్నె రాగానే నల్లమ్మ బిడ్డలతో దిగింది. ఆమె వెనకే సుంకన్న దిగి, కాలు ఈడ్చుకుంటూ వాడ తట్టు మళ్లాడు. తిమ్మప్ప దిగవలసింది కూడా అక్కడే. దిగుతావా లేదా అని కండక్టరు రెండుసార్లు అడిగాడు. తిమ్మప్ప ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, ఎన్ని అణాలో కూడా చెప్పలేదు. బస్సు ఆయన్ను బెళుగుప్ప దాకా తీసుకుపోయి దించింది. అక్కడి నుంచి మూడు మైళ్లు ఎండలో వెనక్కి నడిచాడు.